ఉప్పు తిన్న కొక్కెం... నమ్మకూడదు!

హాల్లో నాలుగడుగుల అక్వేరియం. అందులో నారింజరంగు ఒంటిమీద తెల్లచారలున్న క్లౌన్ చేపలు రెండు. వాటి పక్కనే గాలికి ఊగే పువ్వులా సీ ఎనిమోన్. రాతి సందులోంచి మీసాలు మాత్రం బయటపెట్టి చూసే ఎర్రచారల రొయ్య ఒకటి. పైన స్లాబు నుంచి వేలాడుతూ నీలివెలుగు చిమ్మే ఎల్ఈడీ లైటు. సబ్బవరంలోని ఆ ఇంటికి చుట్టాలెవరొచ్చినా ముందు చేపల్ని పలకరించి, ఆ తర్వాతే ఇంట్లోవాళ్లని పలకరిస్తారు!

ఓ ఆదివారం ఉదయం పేపరు చదువుతూ తలెత్తిన తాతయ్యకు అక్వేరియం గాజు అంచున గోధుమరంగు చుక్క కనిపించింది.

''ఒరే, ఇదేటిరా? టీ ఒలికిందేటి?''

''ఏదో మరకలే నాన్నా, తుడిచేస్తాను'' అన్నాడు కొడుకు. తుడిచేశాడు కూడా. రెండ్రోజుల్లో అదే చోట మళ్లీ అదే చుక్క. షిప్‌యార్డులో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైన పెద్దాయనకు అనుమానం వచ్చింది. స్టూలు లాక్కుని ఎక్కబోతుంటే ''మీరు దిగండి మావయ్యా, నే చూస్తాను'' అంటూ కోడలు ఎక్కింది. చూసి గతుక్కుమంది. లైటును మోస్తున్న నాలుగు కొక్కేల్లో ఒకదానికి ఎర్రటి పొక్కులు. దాన్ని బిగించిన మర అయితే సగానికి సగం తినేసి ఉంది. అక్కడి నుంచి దిగిన తుప్పునీరే ఆ టీ చుక్క!

కొన్నప్పుడు దుకాణదారు అయస్కాంతం పెట్టి మరీ చూపించాడు. కొక్కేనికి అంటుకోలేదు. ''పక్కా స్టీలండీ... జన్మలో తుప్పు పట్టదు'' అన్నాడు. జన్మ సంగతి దేవుడెరుగు, ఏడాదైనా నిండలేదు. ఆ లైటు బరువు ఆరు కిలోలు. దానికి కరెంటు ఉంది. దాని కింద ఉప్పునీళ్ల తొట్టి ఉంది. రోజూ సాయంత్రం మేత డబ్బా పట్టుకుని ఆ తొట్టి ముందు నిలబడేది ఆరేళ్ల పాప!

ఇలాంటి ఇళ్లు ఇప్పుడు తక్కువేం కాదు. ఒకప్పుడు సముద్రపు చేపల్ని చూడాలంటే విశాఖ బీచ్‌రోడ్డులోని మత్స్యదర్శినికి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు. ఇప్పుడు ఎల్ఈడీ లైట్లు, ఉప్పు పాకెట్లు, ఫిల్టర్లూ తేలిగ్గా దొరుకుతుండటంతో ఆ ముచ్చట హాల్లోకే వచ్చేసింది. చేపల గురించి, నీళ్ల గురించి పది మందిని అడిగి తెలుసుకునేవాళ్లు కూడా లైటును వేలాడదీసే కొక్కెం దగ్గరికొచ్చేసరికి 'ఏదో ఒకటి' అనేస్తారు. చిక్కంతా ఆ 'ఏదో ఒకటి'తోనే.

సముద్రమే ఇంటికొస్తే...

సబ్బవరం సముద్రం ఒడ్డున ఉన్న ఊరు కాదు. తీరానికి సుమారు ఇరవై కిలోమీటర్ల లోపలికి ఉంటుంది. బీచ్‌రోడ్డు అపార్ట్‌మెంట్లలో కిటికీ ఊచలకు ఏటా రంగులేసుకునేవారి బాధ ఇక్కడివాళ్లకు అంతగా తెలియదు. అందుకే 'మనకెందుకులే ఉప్పుగాలి భయం' అనుకుంటారు. కానీ ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నారంటే సముద్రాన్ని ఆటో ఎక్కించి ఇంటికి తెచ్చుకున్నట్టే.

లెక్క చూడండి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టిలో దాదాపు 255 లీటర్ల నీళ్లు పడతాయి. అంటే నిండుతొట్టిలో కరిగి ఉన్న ఉప్పు దాదాపు తొమ్మిది కిలోలు! ఓ చిన్న కుటుంబానికి నెలల తరబడి సరిపోయే ఉప్పు అది.

నీళ్లు ఆవిరైనా ఉప్పు ఆవిరి కాదు కదా, కొక్కెం దాకా ఎలా వెళ్తుంది అన్న సందేహం రావచ్చు. బుడగలే దాని వాహనం. ఫిల్టరు నుంచి, గాలిరాయి నుంచి వచ్చే ప్రతి బుడగా నీటిమీదికొచ్చి చిట్లినప్పుడు కంటికి కనిపించనంత సన్నటి తుంపర్లను పైకి విసురుతుంది. అవి లైటుమీదా, తీగమీదా, కొక్కెంమీదా వాలతాయి. నీరు ఆరిపోతుంది. ఉప్పు మిగిలిపోతుంది. తొట్టి అంచుల్లో తెల్లగా పేరుకునే పెచ్చులు ఈ ఉప్పే.

పొడి ఉప్పు లోహాన్ని పెద్దగా ఏమీ చేయదు. తడిస్తేనే దానికి కోరలొస్తాయి. వానాకాలంలో వంటింటి ఉప్పు జాడీ చెమ్మగిల్లడం ప్రతి ఇల్లాలికీ తెలిసిందే. గాల్లో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే నీరుకారుతుంది. విశాఖ చుట్టుపక్కల ఏడాదిలో చాలా రోజులు ఆ తేమ ఉంటుంది. తొట్టి పైనైతే చెప్పనే అక్కర్లేదు. అంటే కొక్కెంమీద ఉప్పు దాదాపు ఎప్పుడూ ఆరదు. ఉప్పునీటి పలుచటి దుప్పటి కప్పుకునే ఉంటుంది.

ఇంకో విచిత్రం కూడా ఉంది. ఆరుబయట ఇనుముకన్నా చూరు కింద ఇనుముకు ఒక్కోసారి తుప్పు ఎక్కువ. ఎందుకంటే ఆరుబయట పేరుకున్న ఉప్పును వాన కడిగేస్తుంది. హాల్లో వాన కురవదుగా! కడిగే దిక్కులేని ఉప్పు రోజురోజుకీ పేరుకుంటూనే ఉంటుంది.

అయస్కాంతం చెప్పని నిజం

మన ఇళ్లలో 'స్టీలు' అంటే తుప్పు పట్టనిదనే అర్థం. ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో హ్యారీ బ్రియర్లీ 1913లో తుప్పును తట్టుకునే ఉక్కును తయారుచేశాక, అది క్రమంగా కత్తులూ చెంచాల నుంచి మన పెళ్లిసారె బిందెల దాకా వచ్చేసింది. దాని కిటుకు క్రోమియంలో ఉంది. ఉక్కులో కనీసం పదిన్నర శాతం క్రోమియం కలిస్తే, అది గాల్లోని ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలంమీద కంటికి కనిపించని పొరను కడుతుంది. గీత పడినా ఆ పొర మళ్లీ దానంతటదే కట్టుకుంటుంది. రంగు వేసిన ఇనుముకూ స్టెయిన్‌లెస్ స్టీలుకూ ఇదే తేడా.

ఆ పొరకున్న శత్రువు క్లోరైడ్. ఉప్పులో సగానికి పైగా ఉండేది అదే. పొరలో ఏదో ఓ బలహీనమైన చోట చిన్న రంధ్రం చేసి లోపలికి దూరుతుంది. పైకి సూదిపోటంత చుక్కే కనిపిస్తుంది. లోపల గుంత తవ్వుకుంటూ పోతుంది. మామూలు ఇనుము ఒళ్లంతా తుప్పు పట్టి ముందే హెచ్చరిస్తుంది. స్టీలు అలా చెప్పదు, చాపకింద నీరులా కానిచ్చేస్తుంది.

అయితే స్టీళ్లన్నీ ఒకటి కావు. దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి మూడు రకాలు.

202: ఖరీదైన నికెల్‌ను తగ్గించి, ఆ లోటును మాంగనీసుతో పూడ్చిన రకం. చౌక. మెట్ల రెయిలింగులు, గేట్లు, కొక్కేలు చాలావరకూ దీంతోనే వస్తుంటాయి. పొడి ప్రదేశాల్లో ఫర్వాలేదు. ఉప్పు దగ్గర త్వరగా లొంగిపోతుంది.

304: సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే రకం. గిన్నెలమీద కనిపించే 18/8 అనే అంకెలకు అర్థం ఇదే. వంటింటికి భేషైనది. ఉప్పునీటి తుంపర్ల కింద మాత్రం మరకలూ, గుంతలూ పడుతుంది.

316: క్రోమియం, నికెల్‌లకు తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలిపిన రకం. క్లోరైడ్ పోటును తట్టుకునేందుకు ఆ కాస్త మాలిబ్డినమే అండ. పడవల సామానుకు వాడే స్టీలు ఎక్కువగా ఇదే. ధర ఎక్కువే. కానీ తొట్టిపైన వాడదగ్గది ఇదొక్కటే.

మరి అయస్కాంతం పరీక్ష? ఈ మూడింటిలో దేనికీ అయస్కాంతం గట్టిగా అంటుకోదు. మామూలు ఇనుమును, చౌకరకం మరికొన్ని స్టీళ్లను పక్కకు తీయడానికి మాత్రమే అది పనికొస్తుంది. 202కూ 316కూ మధ్య తేడా అది చెప్పలేదు. పైగా వంచినచోట, మరలు తిప్పినచోట మంచి స్టీలుకు కూడా అయస్కాంతం కొద్దిగా అంటుకోవచ్చు. అంటే అయస్కాంతాన్ని నమ్ముకుంటే చెడ్డదాన్ని కొని, మంచిదాన్ని వదిలేసి వచ్చే ప్రమాదం ఉంది. సబ్బవరం ఇంట్లో జరిగింది సరిగ్గా అదే. దుకాణదారు అబద్ధం ఆడలేదు. అతనికీ అంతే తెలుసు!

నమ్మదగ్గ గుర్తులు వేరే ఉన్నాయి. మంచి కంపెనీ బోల్టుల తలమీద ఏ2 అనో ఏ4 అనో అక్షరాలు అచ్చుగుద్ది ఉంటాయి. ఏ2 అంటే 304 రకం. ఏ4 అంటే 316 రకం. షాకిళ్లు, తీగలు కొనేటప్పుడు బిల్లుమీద గ్రేడు రాయించుకోవాలి. రాయడానికి వెనకాడే దుకాణంలో కొనకపోవడమే మేలు. ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపుల్లో మాలిబ్డినాన్ని పట్టిచ్చే ద్రావణం ఉంటుంది. చిన్న బ్యాటరీ, ఓ చుక్క మందు చాలు, మారే రంగును బట్టి 304నో 316నో చెప్పేస్తారు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరక్కపోతే పడవలకూ ఓడలకూ సామాను అమ్మేవాళ్లను అడిగితే సరి. విశాఖలాంటి రేవు పట్టణం పక్కనే ఉన్నందుకు ఆ మాత్రం లాభం పొందొద్దూ!

రాగి కరిగితే రొయ్య బతకదు

'స్టీలుతో ఇంత తలనొప్పయితే ఇత్తడి కొక్కెం వేస్తే పోలా? ఉయ్యాల గొలుసులు తరతరాలుగా ఇత్తడివేగా' అనిపించొచ్చు. ఉయ్యాలకు భేష్. ఉప్పునీటి తొట్టికి మాత్రం వద్దే వద్దు. కారణం తుప్పు కాదు, విషం.

ఇత్తడిలో ఎక్కువ భాగం రాగి. దాని సంగతేమిటో ఓ పాత కథ చెబుతుంది. చెక్క ఓడల అడుగుకు పురుగు పట్టకుండా, గుల్లలు అంటుకోకుండా బ్రిటిష్ నౌకాదళం రాగి రేకులు తొడిగేది. సముద్రంలో ఆ రేకులు త్వరగా తినేస్తుండటంతో ఉపాయం చెప్పమని శాస్త్రవేత్త హంఫ్రీ డేవీని అడిగారు. ఆయన 1824లో రాగికి కొద్దిపాటి జింకునో, ఇనుమునో తగిలించమన్నాడు. ఉపాయం బ్రహ్మాండంగా పారింది. జింకు కరిగింది, రాగి కరగడం మానేసింది. కానీ కొత్త చిక్కొచ్చింది. ఓడ అడుగున గుల్లలూ, నాచూ విపరీతంగా పట్టేశాయి! అంతకుముందు వాటిని చంపుతున్నది కొంచెం కొంచెంగా కరుగుతున్న రాగేనని అప్పుడు తేలింది.

ఓడకు మేలు చేసే ఆ గుణమే అక్వేరియానికి శాపం. రొయ్యలు, పగడాలు, నత్తలు, సీ ఎనిమోన్‌లు అతి కొద్దిపాటి రాగిని కూడా తట్టుకోలేవు. చేపలకు పట్టే పరాన్నజీవుల్ని చంపడానికి రాగి మందు వాడేవాళ్లు అందుకే ఆ చేపను వేరే తొట్టిలోకి మార్చి మరీ వాడతారు. ఇత్తడి కొక్కెంమీద పచ్చగా పట్టిన చిలుము ఉప్పునీటిలో కలిసి తొట్టిలో పడిందంటే ముందుగా మీసాలు వాల్చేది రొయ్యే.

జింకు పూత వేసిన ఇనుముదీ ఇంచుమించు ఇదే కథ. తాను కరిగి ఇనుమును కాపాడటమే జింకు పని. కరిగింది ఎక్కడికి పోతుంది? కిందికే. అదీకాక, హార్డ్‌వేర్ దుకాణాల్లో తళతళా మెరిసే మరలమీద ఉండే పూత మందం చాలావరకూ పది మైక్రాన్లకు మించదు. కరిగిన జింకులో ముంచి తీసిన ఇనుముకైతే అంతకు కొన్ని రెట్ల మందం ఉంటుంది. ఉప్పు తుంపర్ల కింద పలుచటి పూత నెలల్లోనే పోతుంది.

రెండు లోహాలు... ఒక తగవు

సబ్బవరం ఇంట్లో కొక్కెంకన్నా మర ఎక్కువగా ఎందుకు తినేసింది? షిప్‌యార్డు తాతయ్య ఇట్టే చెప్పేశారు. ''ఓడ అడుక్కి జింకు దిమ్మలు ఎందుకు బిగిస్తారనుకున్నావు? రెండు లోహాలు తగులుకుని ఉప్పునీట్లో ఉంటే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. మంచిదాన్ని కాపాడ్డానికి చవకదాన్ని బలిస్తాం. నువ్వేమో కొక్కేన్ని కాపాడి మరని బలిచ్చావు!''

అదే సంగతి. వేర్వేరు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ, రెంటిమీదా ఉప్పునీరు ఉంటే అక్కడ చిన్నసైజు బ్యాటరీ తయారవుతుంది. బలహీనమైన లోహం కరిగిపోతూ బలమైనదాన్ని కాపాడుతుంది. పెద్ద స్టీలు కొక్కేనికి చిన్న ఇనుప మర వేస్తే ఆ మర త్వరత్వరగా హరించుకుపోతుంది. బరువంతా మోసేది ఆ చిన్న మరే కావడం దురదృష్టం.

ఇంతటి చిన్న విషయం ప్రపంచ ప్రసిద్ధమైన విగ్రహాన్నే ఇబ్బంది పెట్టింది. న్యూయార్క్ రేవులోని స్వేచ్ఛాప్రతిమకు పైన తొడుగు రాగి, లోపలి ఆధారం ఇనుము. రెండూ తాకకుండా మధ్యలో వేసిన అడ్డుపొర కాలక్రమంలో పాడైపోయింది. ఉప్పుగాలి తన పని తాను చేసుకుపోయింది. ఇనుప పట్టీలు ఉబ్బి, రాగి తొడుగుకున్న రివెట్లనే ఊడగొట్టాయి. 1986లో పూర్తయిన మరమ్మతుల్లో ఆ పట్టీల స్థానంలో ఎక్కువగా వేసింది ఏమిటో తెలుసా? 316 కుటుంబానికి చెందిన స్టీలే. మళ్లీ రాగితో తగవు రాకుండా మధ్యలో టెఫ్లాన్ పొర కూడా పెట్టారు.

ఇంట్లో పాటించాల్సిన సూత్రమూ అదే. కొక్కెం, మర, నట్టు, వాషరు, తీగ... అన్నీ ఒకే జాతివై ఉండాలి. అల్యూమినియం ఒంటితో వచ్చే లైటుకు స్టీలు బోల్టు తప్పనిసరైతే మధ్యలో నైలాన్ వాషరు వేయాలి. అది దొరికేదీ అదే దుకాణంలో, అయ్యేదీ కొద్ది రూపాయలే.

తలమీద వేలాడేవాటి లెక్క వేరు

'తుప్పు పడితే మార్చుకుంటాం, దానికింత రాద్ధాంతమా?' అనేవాళ్లుంటారు. తలుపు గడియకైతే ఆ మాట చెల్లుతుంది. తలమీద వేలాడేవాటికి చెల్లదు.

స్విట్జర్లాండ్‌లోని ఉస్టర్ పట్టణంలో 1985 మే 9న ఇండోర్ ఈతకొలను పైకప్పు కూలి 12 మంది చనిపోయారు. ఆ కాంక్రీటు కప్పును మోస్తున్నవి స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు. క్లోరైడు, మోస్తున్న బరువు, రెండూ కలిసి ఆ కడ్డీల్లో సన్నటి పగుళ్లు తెచ్చాయి. ఆ పగుళ్లు పైకి కనిపించేవి కావు. నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్‌లో 2011 నవంబరులో ఈతకొలను పైన వేలాడదీసిన లౌడ్‌స్పీకరు ఊడిపడి ఓ పసిబిడ్డ ప్రాణం పోయింది. అక్కడా దాన్ని పట్టుకున్న స్టీలు తుప్పు పట్టడమే కారణం.

క్లోరిన్ కలిపే ఈతకొలను గాలి చాలా ఘాటైనది. అక్వేరియం పైన గాలి అంత క్రూరమైనది కాదు. కాబట్టి ఇంట్లో తొట్టి ఉన్నవాళ్లు హడలిపోవాల్సిన పనిలేదు. కానీ ఆ రెండు దుర్ఘటనలూ నేర్పే పాఠం ఇంటికీ వర్తిస్తుంది. 'ఇది తుప్పు పడుతుందా' అనే ప్రశ్నతో ఆగిపోకూడదు. 'ఇది తెగితే ఏది పడుతుంది? ఎవరిమీద పడుతుంది?' అని కూడా అడగాలి. దానికి జవాబు దొరికితే కొక్కెం ఎంపిక సగం పూర్తయినట్టే.

ఆ జవాబు పేరు 'రెండో తాడు'. లైటును మోసే తీగలతో సంబంధం లేకుండా, వేరే చోట బిగించిన మరో తీగ కొంచెం వదులుగా ఉండాలి. మొదటివి తెగినా లైటు నీళ్లదాకా దిగకుండా అది ఆపాలి. నాటకాల వేదికలమీద లైట్లకు కట్టే భద్రతా తీగ ఇలాంటిదే.

కొనేముందు... బిగించేముందు

బరువు: లైటును తూచాలి. దానికి కనీసం అయిదు రెట్ల బరువు మోయగల సామాను తీసుకోవాలి. ఆరు కిలోల లైటుకు ముప్పై కిలోలన్నమాట. నాలుగు తీగలుంటే నాలుగూ సమానంగా మోస్తాయనుకోకూడదు. ఎక్కువ బరువు ఏ రెంటిమీదో పడుతుంది.

ఎక్కడ బిగించాలి: జిప్సం ఫాల్స్ సీలింగ్‌కు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అది తన బరువు తాను మోసుకుంటే గొప్ప. కాంక్రీటు స్లాబులో విచ్చుకుని బిగుసుకునే యాంకర్ బోల్టులే వాడాలి, అవీ 316 రకానివే. డ్రిల్లు కొట్టేటప్పుడు స్లాబులోని ఇనుప చువ్వలకూ, కరెంటు పైపులకూ తగలకుండా తెలిసిన మేస్త్రీతో చేయించాలి. స్లాబుకు బిగించే వీల్లేకపోతే తొట్టి స్టాండు నుంచే లేచే ఫ్రేము వేయించుకోవచ్చు.

తెరిచి ఉన్న కొక్కెం వద్దు: ఎస్ ఆకారం కొక్కెం నుంచి తీగ జారిపోవచ్చు. మూసుకునే డి షాకిల్ మేలు. లైటును సమంగా నిలపడానికి టర్న్‌బకిల్ వాడితే తిప్పి సరిచేసుకోవచ్చు.

తీగ కొసలు: ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. 316 తీగ కొని, దాని కొసను మడిచి నొక్కే చిన్న గొట్టాన్ని మాత్రం దుకాణంలో ఉన్నది తీసుకుంటారు. అది తరచుగా రాగిదో, అల్యూమినియందో అయి ఉంటుంది. ఇటు రాగి విషం, అటు రెండు లోహాల తగవు, రెండూ వచ్చిపడతాయి. అడిగి మరీ స్టీలుదే తీసుకోవాలి.

ప్లాస్టిక్ తొడుగు: తీగమీద ప్లాస్టిక్ ఉంటే తుప్పు రాదనుకోవడం భ్రమ. కొసల దగ్గర లోపలికి దిగిన ఉప్పునీరు బయటికి రాదు. గాలి తగలని ఆ సందులో 316 కూడా దెబ్బతింటుంది. పైకి నిగనిగలాడుతూనే లోపల తినేస్తుంది. ఒళ్లు కనిపించే తీగే నయం, కనీసం జబ్బు కనిపిస్తుంది.

బిగుసుకుపోయే నట్లు: స్టీలు బోల్టుమీద స్టీలు నట్టును గబగబా బిగిస్తే అవి ఒకదాన్నొకటి కరుచుకుని విప్పడానికి రావు. మరలమీద ప్లంబర్లు వాడే తెల్ల టెఫ్లాన్ టేపు చుట్టి నెమ్మదిగా తిప్పాలి. గ్రీజు మాత్రం వద్దు, కారి నీళ్లలో పడుతుంది.

ఇంకా మంచిది కావాలంటే టైటానియం ఉంది. సముద్రపు ఉప్పుకు అది దాదాపుగా చలించదు. అయితే ధర చూసి మనం చలిస్తాం!

కుట్టిన పడవలు నేర్పిన పాఠం

లోహం లేకుండా పని జరగదా? జరుగుతుంది. మన తీరంలో జాలర్ల తెప్పలు ఎలా ఉండేవో పాతతరం వారికి గుర్తుండే ఉంటుంది. దుంగల్ని పక్కపక్కనే పేర్చి తాళ్లతో కట్టేవారు. కోరమాండల్ తీరంలో పేరుపడిన మసూలా పడవల పలకల్నయితే కొబ్బరిపీచు తాళ్లతో కుట్టేవారు. అలల ఉధృతికి విరిగిపోకుండా వంగి లేవడానికే ప్రధానంగా ఆ ఏర్పాటు. తుప్పు పట్టే మేకు అందులో లేకపోవడం అదనపు లాభం.

అదే దారిలో లైటుకూ తాడు వాడొచ్చు. నైలాన్ తాడు తేమకు కొంత సాగుతుంది. పాలిస్టర్ తాడు అంతగా సాగదు కాబట్టి అది మేలు. లైటు వేడి తగలకుండా, ముడి జారకుండా చూసుకోవాలి. వెలుగు సోకీ సోకీ తాళ్లు కాలక్రమంలో పెళుసుబారతాయి. అందుకే రెండేళ్లకోసారి మార్చేయాలి. పై కొసన స్లాబులో మాత్రం 316 యాంకరు తప్పదు. తుంపర్ల దగ్గర తాడు, వాటికి దూరంగా లోహం. చవకగా అయిపోయే మార్గం ఇదే.

నెలకోసారి... పది నిమిషాలు

ఎంత మంచి స్టీలైనా కడగకపోతే పాడవుతుంది. హాల్లో వాన కురవదు కాబట్టి ఆ వాన మనమే కావాలి. నెలకోసారి కరెంటు ఆపేసి, మంచినీళ్లలో పిండిన మెత్తటి గుడ్డతో తీగలూ, షాకిళ్లూ, లైటు ఒళ్లూ తుడవాలి. ఆపైన పొడిగుడ్డతో తుడవాలి. ఇనుప పీచు ఎప్పుడూ వాడకూడదు. అది వదిలిన ఇనుప రజనే మర్నాడు తుప్పు పడుతుంది. బ్లీచింగ్ అసలే వద్దు, అందులోనూ క్లోరినే ఉంది.

తుడిచేటప్పుడే పరీక్షా అయిపోతుంది. టీ రంగు మరక ఉండి, తుడిస్తే పోయి, కింద నున్నగా ఉంటే భయం లేదు. గోటికి గుంత తగిలినా, తీగలో ఒక్క పోగు తెగినా ఆ ముక్కను ఇక తుడవడం కాదు, మార్చేయాలి. తొట్టిమీద సన్నటి వలో, పారదర్శకమైన మూతో వేస్తే తుంపర్లు చాలావరకూ కిందే ఆగిపోతాయి.

కరెంటు సంగతి చివర చెప్పినా చిన్నదేం కాదు. లైటు వైరు సాకెట్‌లోకి వెళ్లేముందు ఓసారి సాకెట్‌కన్నా కిందికి దిగి, వంపు తిరిగి పైకెళ్లాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. తొట్టికి సంబంధించిన సాకెట్లన్నిటికీ 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఒంటిగుండా కరెంటు పారినా అది రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. లైటు పడకుండా కొక్కెం కాపాడాలి. పడ్డా మనిషిని ఇది కాపాడాలి.

సబ్బవరం ఇంట్లో ఆ ఆదివారం మధ్యాహ్నానికల్లా లైటు కిందికి దిగింది. చేపలకు వెలుగు లేదని పాప గోలపెడితే, ''రెండ్రోజులు చీకట్లో ఉంటే వాటికేం కాదమ్మా, సముద్రంలో మబ్బు పట్టదేటి?'' అని తాతయ్య సముదాయించారు. వారం తిరిగేసరికి నాలుగు పాలిస్టర్ తాళ్లు, పైన ఏ4 గుర్తున్న బోల్టులు, వాటన్నిటితో సంబంధం లేకుండా వేరే చోట రెండో తీగ వచ్చేశాయి. నెలనెలా తుడిచే పని కొడుకుది. గోటితో గీకి చూసే పని తాతయ్యది.

ఉప్పు తిన్న మనిషికి విశ్వాసం ఉండాలంటారు. మనుషుల సంగతి ఏమోగానీ, ఉప్పు తిన్న లోహానికి మాత్రం అది ఉండదు. కాబట్టి మంచిదాన్ని ఎంచుకోండి, కడుగుతూ ఉండండి... అయినా సరే, రెండో తాడు కట్టి ఉంచండి!